కుట్టు మిషన్లు వచ్చాయి, దారం రాలేదు: మా బడిలో వృత్తి విద్య నిధుల అనుభవం

విశాఖపట్నంలో పాత ఊరికి దగ్గరగా, సముద్రపు గాలి నేరుగా కిటికీలకు తగిలే ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతాను. చీరలకు ఫాల్ వేయించుకోవడం తప్ప కుట్టుపనితో నాకు వేరే పరిచయం లేదు. అయినా 2021లో ఒక సాయంత్రం మా హెడ్మాస్టారు స్టాఫ్ రూముకు వచ్చి, "మేడమ్, ఈ వొకేషనల్ ఫైలు మీరు చూడాలి, లెక్కలు మీ దగ్గర తప్పవు" అంటూ ఒక అట్ట ఫైలు నా ముందు పెట్టి వెళ్లిపోయారు. లెక్కలు నా దగ్గర ఎంత బాగా తప్పుతాయో ఆయనకూ నాకూ కొద్ది నెలల్లోనే తెలిసివచ్చింది.

ఫైలులో మొదటి కాగితం సమగ్ర శిక్ష మార్గదర్శకాల జిరాక్సు. సర్వశిక్షా అభియాన్, రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య అనే మూడు వేర్వేరు పథకాలను 2018లో కలిపి చేసిన ఈ పథకంలో 9 నుంచి 12వ తరగతి వరకు వృత్తి విద్యకు ప్రత్యేకంగా నిధులున్నాయి. మన రాష్ట్రం విషయంలో ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఆలోచన కొత్తదేమీ కాదు. చదువులో చేతిపని ఉండాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పిందని బి.ఎడ్. పరీక్షకు బట్టీ పట్టినవాళ్లమే మేమంతా. 1988లో ఇంటర్మీడియట్ స్థాయిలో వృత్తి విద్యకు కేంద్ర పథకం కూడా వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకాస్త ముందుకు వెళ్లి, 2025 కల్లా కనీసం సగం మంది విద్యార్థులకు ఏదో ఒక వృత్తితో పరిచయం కలగాలని లక్ష్యం పెట్టింది. ఇవన్నీ చదువుకుంటూ, ఒక మంచి దరఖాస్తు రాసి పంపితే సొమ్ము వస్తుందని నేను అమాయకంగా అనుకున్నాను.

నిజానికి పాఠశాల దరఖాస్తు చేసి తెచ్చుకునే నిధి కాదిది. పాఠశాలల వివరాలను జిల్లా స్థాయిలో వడపోస్తారు, వాటిని రాష్ట్రం తన వార్షిక పని ప్రణాళిక, బడ్జెట్‌లో చేరుస్తుంది, ఆ ప్రణాళికను ఢిల్లీలో పాఠశాల విద్యా శాఖ కార్యదర్శి అధ్యక్షతన కూర్చునే ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు ఒక్కో పద్దుగా పరిశీలించి ఆమోదిస్తుంది. ఇంత పెద్ద నిచ్చెనలో మా చేతిలో ఉన్నది అట్టడుగు మెట్టు ఒక్కటే. అది దేశంలోని బడులన్నిటి వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్‌లో ఏటా మేము నింపే పత్రం. ఎంతమంది పిల్లలున్నారు, ఎన్ని గదులున్నాయి, కరెంటు ఉందా, ప్రయోగశాల ఉందా అని అడిగే ఆ పత్రాన్ని మేము ఎప్పుడూ గుమాస్తా పనిలాగే చూశాం. అంతకు ముందు ఏడాది దాన్ని నింపింది నేనే. మేడ మీద విరిగిన బల్లలతో నిండిన ఒక పెద్ద గది ఖాళీగా ఉంటే, ఖాళీ అని రాస్తే ఎవరైనా వచ్చి ఎందుకని అడుగుతారేమోనన్న భయంతో దాన్ని కూడా తరగతి గదుల లెక్కలో వేసేశాను. ఫలితంగా వృత్తి విద్యకు కేటాయించడానికి విడి గది లేని పాఠశాలగా కాగితం మీద తేలాం, ఆ ఏడాది జాబితాలో మా పేరు రాలేదు. తప్పు దిద్దుకోవడానికి మళ్లీ పత్రం తెరుచుకునే దాకా ఆగాల్సి వచ్చింది. ఒక్క అంకె ఖరీదు ఒక విద్యా సంవత్సరం, ఆ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలందరి అవకాశం. ఈ మాట హెడ్మాస్టారితో చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు, టీ తెప్పించారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రెండో ఏడాది గదిని గదిగా చూపించి, కోర్సు ఎంపిక దగ్గరికి వచ్చాం. రెండు వృత్తులు కోరుకోవచ్చని చెప్పినా, ఉన్నది ఒక్క గదే కాబట్టి ఒక్కదానితోనే మొదలుపెడదామనుకున్నాం. స్టాఫ్ రూములో పురుషులందరి ఓటూ ఆటోమోటివ్‌కే పడింది. గాజువాక ఆటోనగర్ ఉండగా ఇంకో కోర్సు ఎందుకన్నారు. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఎక్కువ మంది కంప్యూటర్ అన్నారు. అప్పటిదాకా వెనక బెంచీలో కూర్చున్న ఒక తల్లి లేచి నిలబడింది. ఆమె రోజూ కంపెనీ బస్సెక్కి అచ్యుతాపురం వైపు దుస్తుల ఫ్యాక్టరీకి వెళ్లి వస్తుంది. "నాను మూడేళ్లుగా చొక్కాలకి ఎడంచెయ్యి ఒక్కటే అతుకుతున్నానమ్మా. పూర్తి చొక్కా కుట్టమంటే నాకు రాదు. మా పిల్లకి మొత్తం కుట్టడం నేర్పుతానంటే ఇందులో ఏస్తాను" అంది. ఆ తర్వాత చర్చ ఎక్కువసేపు సాగలేదు. తొమ్మిదో తరగతి పిల్లల నుంచి ఇష్టాన్ని తెలిపే పత్రాలు తీసుకుంటే 38 మంది దుస్తుల తయారీ కోరుకున్నారు, అందులో ఏడుగురు మగపిల్లలు. వృత్తి నైపుణ్యాలను మెట్లుగా విడదీసే జాతీయ నైపుణ్య అర్హతల చట్రం 2013లో వచ్చినప్పటి అమరికలో 9 నుంచి 12 వరకు తరగతులకు 1 నుంచి 4 స్థాయిలు కేటాయించారు. మా కోర్సు పేరు 'సెల్ఫ్ ఎంప్లాయిడ్ టైలర్'. పేరులోనే సొంతంగా బతకడం ఉంది కదా అని ఆ తల్లికి చెబితే నవ్వింది.

2022 వేసవిలో ఆమోదిత పాఠశాలల జాబితాలో మా పేరు వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగింది. పెందుర్తి దాటాక ఉన్న మరో పాఠశాలవాళ్లూ మేమూ ఒకే కోర్సు కోరుకున్నాం కాబట్టి ఇద్దరం కలిసి యంత్రాలు కొంటే ధర తగ్గుతుందని ముందే మాట్లాడుకున్నాం. తీరా చూస్తే వాళ్లు అనకాపల్లి జిల్లా, మేము విశాఖపట్నం జిల్లా అయ్యాం. మా ఉమ్మడి కొనుగోలు అక్కడితో ఆగిపోయింది.

అసలు పాఠం మంజూరు ఉత్తర్వు చేతికొచ్చాక మొదలైంది. మా హెడ్మాస్టారు మొత్తం ఎంతన్నది చూశారు. నేనూ అదే చూశాను. చూడవలసింది అది కాదని, సొమ్ము ఏ పద్దు కింద ఎంత వచ్చిందన్నదే అసలు సంగతని మాకు అప్పటికి తెలియదు. ఒక్కసారే ఇచ్చే సొమ్ము వేరు, ఏటా ఇచ్చే సొమ్ము వేరు. యంత్రాలు, పనిముట్లు, బల్లలు మొదటి పద్దు. ట్రైనర్ జీతం, ముడిసరుకు, క్షేత్ర సందర్శన, మూల్యాంకనం రెండో పద్దు. ఒకదాంట్లో మిగిలింది ఇంకోదాంట్లోకి తెచ్చుకునే వీలు లేదు. మా ఇంట్లో పోపుల డబ్బాలో దాచిన సొమ్ముతో పాలవాడికీ ఇస్తాం, స్కూలు ఫీజూ కడతాం, ప్రభుత్వ నిధికి ఆ అలవాటు లేదు. రెండు పద్దులకూ మధ్యన పడిపోయే వస్తువులు కొన్ని ఉంటాయి, మమ్మల్ని ఏడిపించినవన్నీ అవే.

సెప్టెంబరులో ట్రైనర్ వచ్చింది. గాజువాక అమ్మాయి, పాతికేళ్లుంటాయి, ఒక ఏజెన్సీ ద్వారా నియమించారు. వచ్చిన రోజే గదంతా తిరిగి చూసి స్విచ్ బోర్డు దగ్గర ఆగి, "మేడమ్, ఇక్కడ పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఒక్కటీ లేదు, ఇస్త్రీ పెట్టె ఎలా పెడతాం?" అని అడిగింది. నేను యంత్రాల గురించే ఆలోచించాను కానీ అవి ఎక్కడి నుంచి కరెంటు తాగుతాయో ఆలోచించలేదు. యంత్రాల పద్దులో వైరింగ్ లేదు, ముడిసరుకు పద్దులోనూ లేదు. చివరికి దారి కాంపోజిట్ స్కూల్ గ్రాంటులో దొరికింది. 251 నుంచి 1000 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 75,000 రూపాయల దాకా ఇచ్చే ఆ గ్రాంటులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పోవాలి, మిగిలిన దాంట్లో చిన్న మరమ్మతులు, కరెంటు, చాక్‌పీసులు అన్నీ సర్దుకోవాలి. కమిటీ తీర్మానం రాసుకుని వైరింగ్ అందులోంచి చేయించాం. ఆ ఏడాది సైన్సు ల్యాబుకు కొత్త బీకర్లు రాలేదు. ఆ తీర్మానం కింద సంతకం పెట్టిన సైన్సు టీచరును కూడా నేనే.

కొనుగోలు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా ఈ పని నెత్తికెత్తుకునే ఉపాధ్యాయులు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. మేము అనుసరించింది కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి 2017 పద్ధతి. అప్పటి పరిమితుల ప్రకారం 25,000 రూపాయల దాకా కొటేషన్ లేకుండా కొనవచ్చు. అది దాటి 2,50,000 వరకు అయితే ముగ్గురు సభ్యుల కొనుగోలు కమిటీ మార్కెట్‌లో ధర, నాణ్యత విచారించి, తామంతా కలిసీ విడివిడిగానూ తృప్తి చెందామని ధ్రువీకరించాలి. "ఎందుకొచ్చిన గొడవ, ఇరవై వేల చొప్పున ముక్కలు చేసి కొనేద్దాం" అని మా సహోద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. పెద్ద అనుమతిని తప్పించుకోవడానికి అవసరాన్ని ముక్కలు చేయకూడదని అదే నియమావళిలో విడిగా ఒక నియమం ఉంది. ఆయనకు అది చూపిస్తే, "ఇన్ని నియమాలు చదివినవాళ్లు కొనడం ఎప్పుడు?" అన్నారు. ఆ మాటా అబద్ధం కాదు.

ఏమేమి కొనాలన్న జాబితాకు మాత్రం తడుముకోవలసిన పని లేదు. ఎన్‌సీఈఆర్‌టీ కింద 1993 నుంచి భోపాల్‌లో ఉన్న కేంద్రీయ వృత్తి విద్యా సంస్థ ఒక్కో కోర్సు పాఠ్యప్రణాళిక చివర పనిముట్ల జాబితా ఇస్తుంది. కత్తెర, టేపు, ట్రేసింగ్ వీల్, హిప్ కర్వ్ నుంచి బొమ్మ మొండెం దాకా అందులో ఉంటాయి. ఎన్ని యంత్రాలు, ఏ రకం అన్నదే మేం తేల్చుకోవలసింది. నాకు ఎనిమిదీ కరెంటువి కొనాలని ఉండేది. ట్రైనర్ ఒప్పుకోలేదు. నాలుగు జుకీ రకం, అంటే ఫ్యాక్టరీల్లో వాడే మోటారు మిషన్లు, నాలుగు తొక్కుడు మిషన్లు కావాలంది. పిల్లల ఇళ్లలో ఉండేది, రేపు వాళ్లు కొనుక్కోగలిగేది తొక్కుడు మిషనేనని, ఫ్యాక్టరీకి వెళ్లాలంటే మాత్రం జుకీ మీద చెయ్యి తిరిగి ఉండాలని ఆమె వాదన. పైగా కరెంటు పోయినా సగం తరగతి నడుస్తుంది.

మూడు కొటేషన్లు వచ్చాయి. నేను గీతలు కొట్టిన కాగితం మీద మూడు నిలువు వరుసల్లో ధరలు వేసి తులనాత్మక పట్టిక తయారుచేశాను. ఒక దుకాణం ధర మిగతా రెండింటికంటే చాలా తక్కువ. నాకు పరమానందమైంది. మిగిలిన సొమ్ముతో గుడ్డ అంచులు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కూడా వస్తుందని లెక్క కట్టాను. కమిటీలో ఇద్దరం సంతకాలు చేశాం, హెడ్మాస్టారి సంతకమే మిగిలింది. ట్రైనర్ ఆ కొటేషన్ తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో చదివి, వేలితో ఒక మాట చూపించింది. 'హెడ్ ఓన్లీ' అని ఉంది. జుకీ మిషన్ అంటే పైన కనిపించే ఇనుప యంత్రం ఒక్కటే కాదట, దాని హెడ్ ఒక వస్తువు, దాన్ని బిగించే బల్లా స్టాండూ ఒక వస్తువు, మోటారు ఇంకో వస్తువు, మూడింటికీ విడివిడిగా ధరలుంటాయట. మిగతా ఇద్దరూ మూడూ కలిపి ధర వేశారు, ఈయన ఒక్క తల ధర వేశాడు. ఆ మాట ఆమె కంట పడకపోతే బడి వరండాలో నాలుగు ఇనుప తలకాయలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. దుకాణదారును తప్పుపట్టడానికీ లేదు, మేము అడిగిన ఉత్తరంలో 'కుట్టు మిషన్లు 4' అని తప్ప ఇంకేమీ రాయలేదు. పట్టిక చింపేసి, హెడ్, స్టాండు, మోటారు, బిగింపు, ఏడాది సర్వీసు అని విడివిడిగా రాసి మళ్లీ కొటేషన్లు పిలిచాం. మోటారు కూడా సర్వో రకం అని ఆమె ప్రత్యేకంగా రాయించింది. పాత క్లచ్ మోటారు కుట్టినా కుట్టకపోయినా ఒకటే హోరుతో తిరుగుతూ ఉంటుంది. సర్వో మోటారు పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది, కరెంటూ తక్కువ తీసుకుంటుంది. పక్క గదిలో లెక్కల తరగతి జరుగుతుంది కాబట్టి ఆ సంగతి మాకు ధరకంటే ముఖ్యమైంది.

డిసెంబరులో మిషన్లు వచ్చాయి. కొబ్బరికాయ కొట్టాం, ఫొటోలు తీశాం. మర్నాడు ట్రైనర్ నన్ను పక్కకు పిలిచి, "గుడ్డ ఏది మేడమ్? దారం?" అని అడిగింది. ముడిసరుకు ఏటా వచ్చే పద్దులోది, దాని పరిమితి, అంటే ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చన్న అనుమతి, ఇంకా రాలేదు. 2021 జూలైలో వచ్చిన పద్ధతి ప్రకారం కేంద్ర పథకాల సొమ్ము పాఠశాల ఖాతాలో నిల్వ ఉండేది కాదు. ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతా ఉండేది, మాది సున్నా నిల్వ ఖాతా, మాకు ఇచ్చిన పరిమితి మేరకు చెల్లింపులు ఆ పెద్ద ఖాతాలోంచి వెళ్లేవి. వడ్డీ లెక్కల బాధ తప్పింది, దారి తప్పే సొమ్మూ తగ్గింది, దాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ పరిమితి రాని రోజున దారపు ఉండ కూడా కొనలేకపోయేవాళ్లం.

అప్పుడు ఆ గాజువాక అమ్మాయి చేసిన పని నేను ఎన్నటికీ మరచిపోను. పాత దినపత్రికలు తెమ్మంది. పిల్లలు కాగితం మీద స్కేలుతో నిలువు గీతలు, అడ్డగీతలు, మెలికలు, గుండ్రాలు గీశారు. మిషన్‌లో దారం ఎక్కించకుండా ఉత్త సూదితో ఆ గీతల వెంట కుట్టించింది. కాగితం మీద వరుసగా చిల్లులు పడేవి. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చిల్లుల దారి గీత మీద ఉందో పక్కకు పోయిందో ఇట్టే తెలిసిపోయేది. ముందు తిన్నగీత, తర్వాత మూల తిప్పడం, మూల దగ్గర సూదిని కాగితంలోనే దించి ఉంచి, పాదం పైకెత్తి, కాగితాన్ని తిప్పి, మళ్లీ పాదం దించడం. తొక్కుడు మిషన్ చక్రం వెనక్కి తిరగకుండా పట్టు దొరకడానికే కొందరికి వారం పట్టింది. పరీక్షల్లో ఎప్పుడూ చివరి వరుసలో ఉండే ఒక మగపిల్లవాడు మూడో రోజుకే గుండ్రాన్ని ఒక్క చిల్లు పక్కకు పోకుండా తిప్పేశాడు. వాళ్ల నాన్న ఫిషింగ్ హార్బర్‌లో వలలు అల్లుతాడని తర్వాత తెలిసింది. కాగితంతోనే చొక్కా చెయ్యి, కాలరు, జాకెట్టు ముందు భాగం కత్తిరించడం కూడా నేర్పింది. ఎలాగూ దర్జీ ఇంట్లో నేర్చుకునే పిల్లలు కూడా ఇలాగే మొదలుపెడతారని, గుడ్డ రాకపోవడం వల్ల మనకేమీ నష్టం లేదని ఆమె నాకు ధైర్యం చెప్పింది. తన జీతం రెండు నెలలుగా ఏజెన్సీ నుంచి అందలేదని మాత్రం చెప్పలేదు, అది నాకు ఇంకొకరి ద్వారా తెలిసింది.

ముడిసరుకు పరిమితి ఫిబ్రవరిలో వచ్చింది. మార్చి 31 లోపల ఖర్చు కాకపోతే అది మురిగిపోతుంది. ఇక పరుగులు. వన్‌టౌన్‌లో కట్‌పీసుల దుకాణాల్లో గుడ్డ చవక, కానీ జీఎస్టీ బిల్లు ఉండదు. బిల్లు ఉన్న చోట మీటరు ధర దాదాపు రెట్టింపు. వచ్చే ఏడాదికి కూడా కలిపి కొనాలనిపించినా, పిల్లలు ఈ రెండు నెలల్లో కుట్టగలిగినంతకు కాస్త ఎక్కువగా పాప్లిన్, లైనింగ్ గుడ్డ, దారం, గుండీలు బిల్లున్న చోటే కొన్నాం. చెల్లింపు పీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో. నేను మేకర్ని, హెడ్మాస్టారు చెకర్. నేను ఎక్కించింది ఆయన ఆమోదిస్తేనే ముందుకు కదులుతుంది. ఆయన ఫోనుకు వచ్చే ఓటీపీ కోసం ఇద్దరం బాల్కనీలో సిగ్నల్ వెతుక్కుంటూ నిలబడిన సాయంత్రాలు చాలా ఉన్నాయి. దుకాణదారు ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పు ఎక్కించి ఒకసారి చెల్లింపు వెనక్కి వచ్చింది. ఆ అంకె తప్పింది ఎవరి చేతిలోనో రాయనక్కరలేదు.

యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, అనుకున్నంత కష్టం కాలేదు. కారణం ఒక్కటే. మొదటి రోజు నుంచి ఒక్కో పద్దుకు ఒక్కో పుట కేటాయించి, వోచర్ సంఖ్య, స్టాక్ రిజిస్టరు పుట సంఖ్య పక్కపక్కనే రాసుకున్నాను. ఈ ఒక్క అలవాటూ ముందే ఉంటే చివరి వారంలో ఎవరూ నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. క్షేత్ర సందర్శన మాత్రం జరగలేదు. పిల్లలను ఊరు దాటించడానికి తల్లిదండ్రుల అంగీకార పత్రాలు పోగయ్యేలోపు పరీక్షలు వచ్చేశాయి, ఆ పద్దు సొమ్ము అలాగే వెనక్కి పోయింది.

నాకున్న పెద్ద అసంతృప్తి వేరే ఉంది. మన రాష్ట్రంలో 11, 12 తరగతులు ఎక్కువగా జూనియర్ కళాశాలల్లో ఉంటాయి. 9, 10 తరగతుల్లో రెండు స్థాయిలు పూర్తిచేసిన పిల్లవాడికి మూడో స్థాయి అదే కప్పు కింద దొరకదు. పక్కనే ఇంటర్ ఉండి, అక్కడా ఇదే కోర్సు ఉంటేనే ఆ నాలుగు మెట్లూ ఒక మేడకు చేరతాయి. పదో తరగతి అయ్యాక ఏం చెయ్యాలని పిల్లలు అడిగినప్పుడు నేను కంచరపాలెం ఐటీఐ, పాలిటెక్నిక్ పేర్లు చెబుతాను, అయితే అక్కడికి వెళ్లి వాళ్లు మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలని తెలిసే చెబుతాను.

వేసవి సెలవులకు ముందు ట్రైనర్ పిల్లలందరి చేతా మిషన్లకు నూనె పోయించి, సూదులు తీయించి, నూనె గుడ్డతో తుడిపించి, పాత చీరలు కప్పించింది. సముద్రం పక్కన ఇనుము ఎంతకాలం ఇనుముగా ఉంటుందో ఈ ఊరి వాళ్లకు చెప్పనక్కరలేదు. జూన్ 12న బడి తెరిచి మేడ గది తలుపు తీస్తే ఉప్పువాసన గుప్పుమంది. చీరలు తీసి ఒక్కొక్క చక్రం తిప్పి చూశాం. ఏడు తిరిగాయి. కిటికీ పక్కనున్న తొక్కుడు మిషన్ బిగుసుకుపోయింది, బాబిన్ గూడు చుట్టూ పసుపుగా తుప్పు. వలలు అల్లే వాళ్లబ్బాయి, ఇప్పుడు పదో తరగతి, దాని ముందు గొంతుక్కూర్చుని ఒక్కో మర ఊడదీసి వరుసగా కాగితం మీద పెట్టుకుంటూ నూనె అడిగాడు. సీసా ఖాళీ. కొత్త ఏడాది పరిమితి ఇంకా రాలేదు, మిషన్ నూనె యంత్రాల పద్దా, ముడిసరుకు పద్దా అన్నదీ తేలలేదు. వీధి చివర దుకాణానికి నేనే వెళ్లి నా పర్సులోంచి ఇచ్చి సీసా తెచ్చాను. బిల్లు అడిగి తీసుకున్నాను. కొత్త అట్ట ఫైలులో మొదటి కాగితం అదే.